చౌడమ్మ నీళ్ళ గుడ్డ

నేను హెల్త్ విజిటరుగా ముప్పై రెండేళ్ళు పనిచేశాను. 1954 జూలైలో పులివెందులలో చేరాను. 1956 జూన్‌లో జమ్మలమడుగుకు మార్చారు. చివరి పదేళ్ళు ప్రొద్దుటూరులో గడిపి 1986లో దిగిపోయాను. మొన్న మా వీధిలో ఒకమ్మాయికి ఇదే శాఖలో ఉద్యోగం వచ్చింది. పలకరించడానికి వచ్చి, "జేజీ, ఊళ్ళల్లో వాళ్ళు మొక్కనీ, అమ్మవారనీ అంటాంటే మనమేం జెప్పల్ల? అదంతా అబద్ధమని చెప్పల్లనా, ఊరకుండల్లనా?" అని అడిగింది. వారం రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను.

నా దగ్గర పద్నాలుగు నోటుపుస్తకాలు ఉన్నాయి. తేదీలు, లెక్కలు వాటిలోంచి తీసినవి. మాటలు మాత్రం జ్ఞాపకంలోంచి రాస్తున్నాను. మాట ఒకటి అటూ ఇటూ కావచ్చు, లెక్క కాదు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నేను క్రైస్తవురాలిని, ఇప్పటికీ ఆదివారం తప్పను. ఇది తెలియకపోతే కింద జరిగినది సరిగా అర్థం కాదు.

పులివెందులలో ఖాసింబీ

1955లో రంజాన్ నెల నడి ఎండాకాలంలో వచ్చింది. పులివెందులలో గిన్నెలకు కళాయి పోసే ఒకతని భార్య ఖాసింబీ. ఆమెకు ఏడో నెల. ఉపవాసం పట్టింది. పగలంతా చుక్క నీళ్ళు ముట్టదు. నేను రోజు మార్చి రోజు వెళ్ళి చెప్పాను. వినకపోతే బిడ్డ దక్కదని బెదిరించాను. ఆమె శాంతంగా, "నీ మాట వింటే బిడ్డ దక్కుతాది సరే నర్సమ్మా, రేపు అల్లాకు నేనేం జెప్పేది? నువ్వొచ్చి చెప్తావా?" అనింది.

పద్దెనిమిదో రోజు ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. మసీదులో నమాజు చేయించే పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన నన్నే తిట్టాడు. "ముందే నన్నెందుకు అడగలేదమ్మా? కడుపుతో ఉండే ఆడమనిషికి మా దీన్‌లోనే సడలింపు ఉండాది. ఇప్పుడు తిని, కాన్పయినాక ఆ రోజులకు బదులు ఉపవాసం పట్టొచ్చు గదా!" ఆ మాట ఆమె అత్తగారికి చెప్పి పంపాడు. మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఖాసింబీ అన్నం తింటోంది. నేను పద్దెనిమిది రోజులు బయటి నుంచి తోసిన తలుపును లోపలివాళ్ళు ఒక్క మాటతో తీశారు.

పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకోలేదని రెండేళ్ళకు తెలిసింది.

నారి

నారికురుపు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు బయటికి వస్తుంది. మూరెడు ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే కాలు కుండలాగా వాస్తుంది. రెండు మూడు నెలలు మనిషి నడవలేడు.

జమ్మలమడుగులో మా హెల్త్ ఆఫీసరు గారు కోస్తా నుంచి వచ్చిన డాక్టరు. దేవుడు లేడని బాహాటంగా చెప్పే మనిషి. నిజాయితీపరుడు, కష్టజీవి. నేను చేరిన వారంలోనే ఒక గాజు గ్లాసులో దిగుడుబావి నీళ్ళు పోసి, వెలుతురుకు పెట్టి, చేతికి భూతద్దం ఇచ్చారు. "చూడండి సిస్టర్, తెల్లగా గెంతుతున్నాయే, ఆ నీటిపురుగుల కడుపులో ఉంటుంది నారి. ఈ నీళ్ళు తాగిన మనిషికి ఇంచుమించు ఏడాదికి కాలిలోంచి బయటపడుతుంది. మంటకు తాళలేక ఆ కాలు తీసుకెళ్ళి మళ్ళీ అదే బావిలో పెడతాడు. నారి పిల్లపురుగులు నీళ్ళలో పడతాయి, వాటిని ఈ నీటిపురుగులు తింటాయి. మళ్ళీ మొదలు."

ఇంత కచ్చితమైన జబ్బును నేను అంతకుముందు చూడలేదు. దీనికి తేదీ ఉంది. ఈరోజు కాలు పగిలిందంటే, ఏడాది వెనక్కి లెక్కపెట్టి ఆ నీళ్ళు ఎప్పుడు తాగాడో చెప్పవచ్చు. నాలాంటి దానికి అది ఎంత నచ్చిందో చెప్పలేను.

జమ్మలమడుగుకు ఏడు మైళ్ళలో ఒక నేతగాళ్ళ ఊరు. పేరు రాయను, అప్పటివాళ్ళ మనవళ్ళు ఉన్నారు. ఎనభై మూడు ఇళ్ళు, దాదాపు ఇంటికో గుంట మగ్గం. ఊరికంతా ఒకటే దిగుడుబావి, చౌడమ్మ బావి అంటారు. 1957 జనవరి ఆఖరుకు నేను ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న లెక్క ప్రకారం, అంతకు ముందు ఏడాదిలో నలభై ఒక్కమందికి నారి వచ్చింది. నేతగాడికి నారి అంటే, కాళ్ళు గుంటలో పెట్టి పలకలు తొక్కలేడు. తొక్కకపోతే మగ్గం ఆగుతుంది.

ఆ నలభై ఒకటిలో ఓబులేసు ఒకడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. వరసగా రెండో ఏడు. మడమ దగ్గర పుల్ల కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. వాళ్ళ ఇంటి మగవాళ్ళు తరతరాలుగా ఊరి అమ్మవారు చౌడమ్మకు జ్యోతి ఎత్తుతారు. బియ్యప్పిండి ముద్దతో పెద్ద ప్రమిద చేసి, వెలిగించి, తలమీద పెట్టుకుని ఊరంతా నడవాలి. రెండేళ్ళుగా అతను నడవలేదు.

"అమ్మకు కోపం నర్సమ్మా," అన్నాడు. "పోయినేడు పండగకు మొక్కు తప్పినోళ్ళకు ఈయేడు పండగకు నారొస్తాది. ఊర్లో ఎవరినన్నా అడుగు. మూడోయేడు గూడా వస్తే నేను మగ్గం పీకేసి బొంబాయి మిల్లుకు పోతా. ఆడ నిలబడి చేసే పనంట."

అతని భార్య నాగమ్మ లోపలి నుంచి, "నిలబడేదానికి కాలు యాడిదో!" అనింది.

ఆ రోజు నాకు తట్టనిది ఒకటి ఉంది. పండుగ నుంచి పండుగకు అని వాళ్ళు పెట్టిన లెక్క సరైనదే. మా డాక్టరు గారు చెప్పిన ఏడాదే అది. పుస్తకం లేకుండా, భూతద్దం లేకుండా వాళ్ళు ఆ ఏడాదిని కనిపెట్టారు. కారణం ఒక్కటే తప్పింది. నేను ఆ కారణాన్ని వెక్కిరించాను, లెక్కను మెచ్చుకోలేదు.

ఊదారంగు నీళ్ళు

నా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు తేదీతో సహా రాస్తాను. 1957 ఫిబ్రవరి 18, సోమవారం.

ఆ నెలలో చుట్టుపక్కల వాంతులు, భేదులు ఉన్నాయని బావులన్నిటిలో పర్మాంగనేటు మందు వేయమని మాకు ఉత్తర్వు. నారికి అది పెద్దగా పనికిరాదని తర్వాత తెలిసింది. ఆ ఊరివాళ్ళను అడిగి వేద్దామన్నాను. డాక్టరు గారు, "అడిగితే వద్దంటారు. వద్దన్నాక వేస్తే గొడవ. అడక్కుండా వేసేయండి, రెండు రోజుల్లో రంగు పోతుంది" అన్నారు. తర్కం బాగానే ఉందనిపించింది. తెల్లవారుతుండగా వెళ్ళి, ఎవరూ రాకముందే పొట్లం విప్పి వేసి వచ్చాను.

సూర్యుడు వచ్చేసరికి చౌడమ్మ బావి వంకాయరంగు తిరిగింది.

పండుగకు ఆరు వారాలు ఉంది. ఆడవాళ్ళు కడవలతో వచ్చి చూసి కేకలు పెట్టారు. నేను సంచీతో వెళ్ళడం ఎవరో చూశారు. మధ్యాహ్నానికి ఊళ్ళో ఒకటే మాట: కిరస్తానీ నర్సమ్మ బావిలో బాప్తిస్మం నీళ్ళు కలిపింది, తాగినోళ్ళంతా కిరస్తానీలు అయిపోతారు. నేను నవ్వి, "నాయనా, మా దాంట్లోకి రావాలంటే అంత సులువుగా రానివ్వరు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలామె నా కాళ్ళ ముందు కడవ బోర్లించి, "మా నీళ్ళు మమ్మల్ని అడక్కుండా ముట్టేదానికి నువ్వెవురమ్మా?" అనింది.

రంగు పోయినా పదకొండు రోజులు ఎవరూ ఆ బావిలోకి దిగలేదు. ఊరి బయట పశువులు దిగే కుంట నీళ్ళు తెచ్చుకుని తాగారు. ఆ కుంట బావికంటే అధ్వానం. నేను మంచి చేయబోయి వాళ్ళను ఇంకా చెడ్డ నీళ్ళకు తోలాను.

డాక్టరు గారికి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, నా మీద కాదు, ఊరి మీద. "ఈ మతం ఉన్నంతకాలం నారి పోదు సిస్టర్. పోలీసుల్ని పెట్టి ఆ బావి పూడ్పించేస్తాను."

"పూడిస్తే వాళ్ళు తాగేది కుంట నీళ్ళే కదండీ," అన్నాను. ఆయన చేస్తానన్నది చేసే మనిషి. ఆగమని మాత్రం అడిగాను. పండుగ దాకా ఆగుతానన్నారు.

సున్నా ఉన్న ఇల్లు

క్షమాపణ చెప్పడానికి చౌడప్ప దగ్గరికి వెళ్ళాను. ఆయన చౌడమ్మ పూజారి, డెబ్బై ఏళ్ళు దాటిన నేతగాడు. ఆయన మాట ఊళ్ళో దాటరు. గడపలో నిలబెట్టే మాట్లాడాడు.

"రామ్మా నర్సమ్మా. ఈసారి ఏం రంగు తెచ్చినావు?"

"ఏం తేలేదు పెద్దాయనా. అడక్కుండా మీ బావి ముట్టుకోవడం తప్పు. చెప్పడానికి వచ్చాను."

ఆయన, "మీ ఆఫీసోళ్ళు తప్పు అంటారని నాకింతవరకు తెల్దు" అని, చాప వేయమని భార్యకు చెప్పాడు.

ఆయన భార్య రామలక్ష్మమ్మ వాకిట్లో నీళ్ళు నింపుతోంది. కడవ మూతికి తెల్లటి గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టింది. బావి నీళ్ళు దాని మీద పోస్తోంది, అవి చుక్కచుక్కగా దిగుతున్నాయి.

"ఏందమ్మా ఇది?"

"జ్యోతి పిండి తడిపే నీళ్ళు. అమ్మ నీళ్ళల్లో పురుగు, నలక ఉండకూడదు గదా. మా మామ కాలం నుంచి ఇంతే."

"మరి మీరు తాగే నీళ్ళు?"

"ఇంట్లో అమ్మ పూజ పెట్టె ఉండాది. ఈ గడప లోపలికి వేరే నీళ్ళు రాగూడదు. తాగేదీ ఇవే."

నేను సంచీలోంచి నోటుపుస్తకం తీశాను. ఎనభై మూడు ఇళ్ళలో ఈ ఇంటికి ఎదురుగా ఉన్నది సున్నా. ఒక్క ఏడాది సున్నా ఇంకొన్ని ఇళ్ళకూ ఉంది, అందుకని ఇంతకుముందు ఎప్పుడైనా ఈ ఇంట్లో నారి వచ్చిందా అని అడిగాను. చౌడప్ప గర్వంగా, "నాకు తెలిసి ఎవరికీ రాలేదు. అమ్మ కాపాడతాది" అన్నాడు.

నేను భూతద్దం తీసి, ఆమె చేతికిచ్చి, వడగట్టని నీళ్ళు ఒక గ్లాసులో పోసి ఎండకు పెట్టాను. చౌడప్పకు చూపు ఆనలేదు. రామలక్ష్మమ్మ చూసింది.

"ఓయమ్మా! ఎగురుతాండాయి!"

వడగట్టిన నీళ్ళు చూపించాను. ఆమె చాలాసేపు వెతికి, "ఒక్కటీ లేదు" అనింది. నారి ఎలా వస్తుందో అప్పుడు చెప్పాను, డాక్టరు గారు నాకు చెప్పిన వరుసలోనే.

చౌడప్ప ముఖం మారింది. ఆయన భయం నాకు అర్థమైంది. గుడ్డే కాపాడితే ఇన్నాళ్ళూ అమ్మ ఏం చేసినట్టు? నెల కిందటి నేనైతే ఆ ప్రశ్న నోరు తెరిచి అడిగేదాన్నే. ఆ రోజు ఊరుకున్నాను.

"ఈ గుడ్డ కట్టమని మా నాయనకు ఎవరు చెప్పినారు?" అన్నాడు చివరికి.

"నాకు తెలియదు పెద్దాయనా."

"అమ్మే చెప్పిందనుకుంటా నేను. నువ్వు ఏమన్నా అనుకో."

"అట్లే అనుకుందాం. మీ నాయనకు చెప్పింది ఒక్క ఇంటికోసమా, ఊరందరికోసమా?"

రామలక్ష్మమ్మ గుడ్డ పిండుతూ, "అడిగిందానికి చెప్పు. నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?" అనింది.

అసలు చిక్కు అక్కడే ఉంది. వడగట్టిన నీళ్ళు పూజారి ఇంటి గౌరవం. ఇంకో ఇంటివాళ్ళు గుడ్డ కడితే పూజారితో సమానం అయినట్టు. వద్దని ఎవరూ చెప్పలేదు, అయినా కట్టుకోవచ్చునని ఎవరికీ తోచలేదు. ఊరంతా గుడ్డలు నేస్తుంది. కడవకు కట్టుకునే స్వేచ్ఛ మాత్రం ఒక్క ఇంటికే ఉంది.

ఎర్ర బుటా

పండుగ ఉగాది వెళ్ళిన తొలి మంగళవారం, 1957 ఏప్రిల్ 2. జ్యోతి ఎత్తేముందు చౌడప్ప ఊరివాళ్ళ ఎదురుగా కడవ పెట్టి, గుడ్డ కట్టి, నీళ్ళు పోశాడు. "ఇన్నేండ్లు ఇది మా ఇంట్లో పెట్టుకున్న్యాం. ఇది అందరిదీ. ఈయేడు మొక్కు కోళ్ళు గాదు, కొబ్బరికాయలు గాదు. ఇంటింటా నీళ్ళు వడగట్టి తాగల్ల. నారి ఉండే కాలు బావిలో పెట్టగూడదు. వాళ్ళకు పక్కింటోళ్ళు నీళ్ళు తెచ్చియ్యల్ల."

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నెల తిరిగేలోపు సగం ఇళ్ళు మానేశాయి. కారణం దేవుడూ కాదు, మూఢనమ్మకమూ కాదు. అమ్మ గుడ్డ అంటే మగ్గం మీద నుంచి దించిన కొత్త గుడ్డ, నీళ్ళు తగలనిది. నేతగాళ్ళు నూలుకు గంజి పెట్టి నేస్తారు. గంజి గుడ్డలోంచి నీళ్ళు దిగవు. పూజారి ఇంట్లో వాడి వాడి గంజి పోయింది, మిగతా ఇళ్ళలో అందరివీ కొత్తవి. విసుగెత్తి కొందరు చిరిగిన పాత చీర ముక్కలు కట్టారు. వాటిలోంచి నీటిపురుగే కాదు, కప్పపిల్ల కూడా దిగుతుంది.

ఇది మా డాక్టరు గారికీ నాకూ తోచే సంగతి కాదు. అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న ఓబులేసుకు తోచింది.

"నేసినాక ఉడకబెట్టి గంజి తీసేస్తే పోలా?"

"నీళ్ళు తగిలినాక కొత్తది యాడవుతాది రా?" అన్నాడు చౌడప్ప.

"కట్టుకుంటే పాతదవుతాది మామా. ఎవరూ కట్టుకోకపోతే కొత్తదే గదా?"

చౌడప్ప ఆలోచించి ఒప్పుకున్నాడు. మతంలో పెద్దమనిషి గుణం ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఆచారం అసలు దేనికోసమో ఆయనకు గుర్తుంది కాబట్టి, ఎక్కడ సడలించవచ్చో కూడా తెలుసు.

నేను ఇంకో చిక్కు చెప్పాను. గుడ్డ తిరగేసి కడితే పైన చిక్కిన పురుగులు నీళ్ళలోకే పోతాయి. ఓబులేసు నారి లేని కాలితోనే పలకలు తొక్కి, మెల్లగా ఒక కడవ మూతికి సరిపడే గుడ్డ నేసి చూపించాడు. నడిమధ్య ఒక ఎర్ర బుటా, పైవైపు మాత్రమే కనబడుతుంది. "ఎరుపు ఆకాశం చూడల్ల. గుడ్డోళ్ళకు తప్ప అందరికీ తెలుస్తాది" అన్నాడు. ఆగస్టుకు డెబ్బై తొమ్మిది ఇళ్ళలో ఆ గుడ్డ ఉంది.

మూడో ఏడు

ఈ జబ్బుకు ఒక క్రూరత్వం ఉంది. మనం ఈరోజు మంచి పని చేస్తే ఏడాది దాకా ఫలితం కనబడదు, పాత తప్పుల ఫలితం మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకని పండుగనాడే ఒక కాగితం మీద రాసి చౌడప్పకు ఇచ్చాను: "వచ్చే ఉగాది వెళ్ళిన రెండు నెలల దాకా నారి వస్తుంది. అది ముందు తాగిన నీళ్ళది. ఆ తర్వాత తగ్గకపోతే నా మాట తప్పు." ఆయన దాన్ని మడిచి అమ్మ పెట్టెలో పసుపు పక్కన పెట్టాడు. ఆ కాగితం పేరు చెప్పే డాక్టరు గారిని బావి పూడ్పించకుండా ఇంకా రెండేళ్ళు ఆపగలిగాను. ఆయన పగలబడి నవ్వి, "దేవత పెట్టెలో సైన్సా!" అన్నారు గానీ ఒప్పుకున్నారు.

1958 మార్చి 10న నాగమ్మ మా ఆఫీసుకు నడిచి వచ్చింది. ఏడు మైళ్ళు. "వచ్చింది నర్సమ్మా. కుడి కాలికి. మగ్గం బేరానికి పెట్టినాడు" అనింది.

బస్సులో వెళ్తూ లెక్కపెట్టాను. ఏడాది వెనక్కి పోతే ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదలు. అంటే ఊరు కుంట నీళ్ళు తాగిన ఆ పదకొండు రోజులు. చెప్పాలా వద్దా? చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు. అమ్మ కోపమని అతనే అనుకుంటాడు. కానీ తెలిసిన కారణాన్ని దాచిపెట్టి దేవుడి మీదికి తోసేస్తే, నేను నేర్చుకున్న శాస్త్రానికి అర్థం ఏముంది?

అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచి చూపించాను. "ఓబులేసూ, ఇది అమ్మ కోపం కాదు. లెక్క ప్రకారం ఇది కుంట నీళ్ళది. నిన్ను ఆ కుంటకు పంపింది నేను."

అతను చాలాసేపు పుస్తకంలోకే చూశాడు. చదువు రాదు. తర్వాత కాలు వైపు చూశాడు.

"అంటే ఇది ఊదా నీళ్ళ నారి."

"అవును."

"గుడ్డ కట్టినాక తాగినదాంది గాదు."

"కాదు."

"అయితే ఇంకోటి రాదంటావు."

"రాకూడదు. వస్తే పుస్తకం తెచ్చి నీ ముందే చించేస్తాను."

నాగమ్మ, "చించొద్దులే, పొయ్యిలోకి పనికొస్తాది" అనింది. అతను నవ్వాడు. ఒక్క ఏడు చూస్తానన్నాడు. మగ్గం అమ్మలేదు. నాలుగు నెలలు నేనే వెళ్ళి ఆ పుల్ల చుట్టాను. తెగలేదు.

ఆ ఏడు మొత్తం ఇరవై తొమ్మిది. పండుగ తర్వాత రెండు నెలలకు తగ్గింది, గుడ్డ ఆలస్యంగా అందిన ఇళ్ళలో ఆగస్టు దాకా వచ్చి ఆగిపోయింది. మా సంఘపు అయ్యగారు ఒక ఆదివారం, "ఆ ఊళ్ళో మన పని ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగారు. "నలభై ఒకటి నుంచి ఇరవై తొమ్మిదికి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేను విప్పి చెప్పనూ లేదు.

నా ఓటమి

ఆ ఎనభై మూడు ఇళ్ళలో ఊరవతలి వాడ లేదు. వాడవాళ్ళను బావిలోకి దిగనిచ్చేవాళ్ళు కాదు. గట్టు మీద కడవలు పెట్టుకుని ఎవరైనా పోసేదాకా నిలబడాలి. వాడలో ఇరవై రెండు ఇళ్ళు. గుడ్డ అందరిదీ అని చౌడప్ప చెప్పినప్పుడు ఆ 'అందరి'లో వాళ్ళు లేరు. అది ఆయన తప్పు మాత్రమే కాదు. నేనూ అడగలేదు. ఉన్నది చెడిపోతుందేమోనని ఊరుకున్నాను.

చివరికి అడిగింది రామలక్ష్మమ్మ. బావిగట్టున నలుగురూ ఉండగా భర్తను నిలేసింది. "అమ్మ నీళ్ళు అందరికీ అంటివి. వీళ్ళు అమ్మ లెక్కలోకి రారా, నీ లెక్కలోకి రారా?" 1958 నవంబరులో వాడకు గుడ్డలు చేరాయి. నేనే ముందుగా అడిగి ఉంటే పందొమ్మిది నెలలు కలిసివచ్చేవి. 1959లో వాడలో తొమ్మిదిమందికి నారి వచ్చింది. ఆ తొమ్మిదీ నా ఖాతాలో ఉన్నాయి. బావిలోకి దిగే హక్కు వాళ్ళకు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది, అది నా వల్ల రాలేదు.

అడిగిన అమ్మాయికి

ఇప్పుడు నీ ప్రశ్న. నీళ్ళలో ఏముందో శాస్త్రం చెప్పింది. అది చెప్పకపోతే ఇంకో వందేళ్ళు అమ్మ కోపమనే అనుకునేవాళ్ళు. ఆ విషయంలో మా డాక్టరు గారిది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ కంటికి కనబడని దానికోసం, ఏడాది దాకా ఫలితం లేని దానికోసం, రోజుకు ఆరు కడవలు ఓపికగా వడగట్టమని ఒక తల్లికి చెప్పి చేయించే బలం నా భూతద్దానికి లేదు. అది మొక్కుకు ఉంది. పక్కింటి కుంటివాడికి నీళ్ళు తెచ్చి ఇమ్మని చెప్పింది కూడా మొక్కే. మతం దేనికి అంటే, నాకు తెలిసినంతలో, ఇందుకే: ఒక్కరుగా చేయలేని ఓపికను నలుగురూ కలిసి పట్టడానికి.

అదే మతం ఆ గుడ్డను రెండు తరాలు ఒకే ఇంట్లో పెట్టుకుంది. అదే శాస్త్రం అడక్కుండా బావిలో రంగు పోసింది. అడిగే స్వేచ్ఛ లేనిచోట మతం తాళమవుతుంది, శాస్త్రం లాఠీ అవుతుంది. రెండూ నా కళ్ళతో చూశాను, రెండో దాంట్లో నా చెయ్యి కూడా ఉంది. అందుకని వాళ్ళ దేవుడు అబద్ధమని చెప్పకు, నీకు తెలిసిన నిజాన్ని దాచనూ దాచకు. ముందు అడుగు. వాళ్ళు నిన్ను అడిగితే జవాబు చెప్పు. తప్పు చేస్తే తేదీతో సహా ఒప్పుకో.

1959 ఏప్రిల్ 14, మంగళవారం

ఆ ఏడు పండుగకు డాక్టరు గారు జీపులో వచ్చారు. నేను పిలవలేదు, లెక్క చూసుకోవడానికి వచ్చారు. ఆ ఎనభై మూడు ఇళ్ళలో ముగ్గురికి వచ్చింది, ముగ్గురూ కిందటేడు వేరే ఊళ్ళకు పోయి నీళ్ళు తాగినవాళ్ళే. ఓబులేసు రెండు కాళ్ళూ నేను ఆ ఉదయమే చూశాను. పాత మచ్చలు తప్ప ఏమీ లేవు.

నాలుగేళ్ళ తర్వాత అతను జ్యోతి ఎత్తాడు. తలమీద మంటతో ఊరు మొత్తం తిరిగి, ఒక్కచోట కూడా ఆగకుండా గుడి దగ్గరికి వచ్చాడు. నాగమ్మ అతని ముఖం వైపు చూడలేదు, దారంతా కాళ్ళ వైపే చూస్తూ పక్కన నడిచింది. జ్యోతి దించి, ఆ పిండి అందరికీ పంచారు. డాక్టరు గారి చేతిలో కూడా ఒక ముద్ద పెట్టారు. ఆయన ప్రసాదం తినరు. ముద్దను చూసి, "ఇది తడిపిన నీళ్ళు వడగట్టారా?" అని అడిగారు.

"వడగట్టకుండా అమ్మకు పెడతామా సామీ?" అనింది రామలక్ష్మమ్మ.

ఆయన నోట్లో వేసుకున్నారు. తింటూనే, "చూశారా పెద్దాయనా, నీళ్ళు వడగడితే రోగం పోయింది. ఇందులో దేవత చేసిందేముంది?" అన్నారు.

"గుడ్డ కట్టమనింది అమ్మ గదప్పా," అన్నాడు చౌడప్ప.

ఇద్దరూ నా వైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. నేను నోరు తెరిచేలోపు, గుడి అరుగు మీద కూర్చుని తలలోంచి పిండి దులుపుకుంటున్న ఓబులేసు అందుకున్నాడు.

"మీరిద్దరూ ఎట్లన్నా పంచుకోండి సామీ. గుడ్డ నేసింది మాత్రం నేను."

మొదట నవ్వింది చౌడప్పే.